షాపింగ్ తగ్గించి మిగిల్చిన డబ్బును ఈఎంఐకి తాకట్టు పెట్టకండి

ప్రశ్న: నాలుగు నెలలుగా బట్టలు, గ్యాడ్జెట్లు, ఇంటి అలంకరణ సామాన్లు కొనడం బాగా తగ్గించాం. చేతికొచ్చే జీతం 100 అనుకుంటే, షాపింగ్‌కు 30 పోయేది. ఇప్పుడు 10తో సరిపోతోంది. తప్పనిసరి ఇంటి ఖర్చులు 60, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మొత్తం) 8, క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) 2. కార్డు బాకీ 40 ఉంది. ఇప్పటిదాకా మిగిలిన 80 బ్యాంకులో ఉంది. ఇకపై నెలనెలా మిగిలే 20తో ఈఎంఐ కడుతూ, మూడేళ్లకు పర్సనల్ లోన్ తీసుకుని షేర్లలో పెట్టవచ్చా?

జవాబు: వద్దు. షాపింగ్ తగ్గించిన చాలామంది ఈ మలుపులోనే దెబ్బతింటారు. నాలుగు నెలల మిగులును శాశ్వత ఆదాయంగా లెక్కేస్తారు. ఆ 20లో కొంత నిజంగా మానేసిన ఖర్చు, కొంత కేవలం వాయిదా పడిన ఖర్చు. చెప్పులు అరుగుతాయి, ఫోన్ బ్యాటరీ పోతుంది, వాషింగ్ మెషిన్ మొరాయిస్తుంది. అప్పుడు మిగులు తగ్గుతుంది కానీ ఈఎంఐ తగ్గదు.

అప్పు లెక్కే చూడండి. 14 శాతం వడ్డీకి నెలకు 20 చొప్పున 36 నెలలు కడితే మీకు వచ్చే రుణం దాదాపు 585, కట్టేది 720. ప్రాసెసింగ్ ఫీజు, పన్ను పోగా షేర్లు ఏటా 14 శాతానికి మించి ఇస్తేనే మీకు పైసా మిగిలేది. మార్కెట్ పడిన ఏడాది బ్యాంకు ఆగుతుందా? పైగా ఉద్యోగం పోతే నెలకు 60తో గడిచే ఇంటికి 80 కావాలి. ఆరు నెలల అత్యవసర నిధి 360 నుంచి 480కి పెరుగుతుంది. మీ దగ్గర ఆ 360కే దిక్కు లేదు.

80 చేతిలో పెట్టుకుని కార్డుకు మినిమమ్ డ్యూ కట్టడం ఇంకో పొరపాటు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైమాటే. ప్రతినెలా బాకీలో 5 శాతమే కడుతూ పోతే, కొత్తగా ఏమీ కొనకపోయినా బాకీ సగం కావడానికి 32 నెలలు పడుతుంది. ఈరోజే 40 కట్టేయండి. మిగిలిన 40 అత్యవసర నిధికి పునాది.

కార్డు తీరాక, సిప్‌ను ఆరు నెలలు ఆపితే నెలకు 30 చేతిలో ఉంటుంది. అందులో 5 పాత వస్తువులు మార్చుకోవడానికి పక్కన పెట్టండి. ఇంట్లో ఏ వస్తువు ఇంకెన్ని నెలలు పనిచేస్తుందో రాసుకుని, కొత్తదాని ధరను ఆ నెలలతో భాగించండి. ఫోన్‌కు 24 అయి, పాతది ఇంకో 24 నెలలు నడిచేట్టుంటే నెలకు 1. ఇలా అన్నీ కూడితే 5 దాటవచ్చు. అప్పుడు ఆ మొత్తాన్నే పెంచండి, కార్డు గీకకండి. మిగతా 25 నిధికి వెళ్లాలి. ఆరు నెలలకు 190 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చులకు సరిపడా. అప్పుడు సిప్ మళ్లీ మొదలుపెట్టి నెలకు 17 వేస్తే ఇంకో పది నెలలకు 360 పూర్తి.

ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉండకూడదు, ఉంటే ఖర్చయిపోతుంది. జీతం వచ్చిన మర్నాడే వేరే బ్యాంకు ఖాతాకు ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి, దాని డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోకండి. ఒక నెల ఖర్చు అక్కడ, మిగతాది ఎప్పుడైనా తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో. డిస్కౌంట్ సేల్ అత్యవసరం కాదు, బంధువుల పెళ్లి కూడా కాదు. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. కొనాలనిపించిన వస్తువును తేదీ వేసి రాసుకుని 30 రోజులు ఆగండి.

కుటుంబానికి ఆరోగ్య బీమా, మీకు టర్మ్ పాలసీ (మీరు మరణిస్తే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) లేకపోతే ఆ ప్రీమియం సిప్ కంటే ముందు. షేర్ల సంగతి 360 పూర్తయ్యాక, అదీ సొంత డబ్బుతోనే.