గెలుపు ముందే తేలిన కుస్తీలో చూడవలసినదేమిటి?

ప్రశ్న: జపాన్ మహిళల ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయంటారు. మరి అందులో ఆస్వాదించడానికి ఏముంటుంది?

జవాబు: కథ ముగింపు తెలిసి కూడా పద్యం కోసం తెల్లవార్లూ నాటకం చూసిన మనవాళ్లకు ఈ సందేహం రాకూడదు. ఫలితం ముందే కుదిరినా, రింగ్‌లో పడే దెబ్బలు, ఎత్తి మోసే బరువు నిజమైనవే. 1968లో మొదలై 2005లో మూతపడిన ఆల్ జపాన్ ఉమెన్స్ సంస్థ ఈ కళకు ఒరవడి దిద్దింది.

ముందుగా 1985 ఆగస్టు 28న ఒసాకాలో చిగుసా నగాయో, డంప్ మాట్సుమోటో తలపడిన పోటీని చూడండి. ఓడినవారు గుండు చేయించుకోవాలన్నది పందెం. నెత్తురోడుతున్న నగాయోను ఓడిన తరువాత రింగ్‌లోనే కూర్చోబెట్టి జుట్టు తీసేస్తుంటే, ఆమెను ప్రాణంగా అభిమానించే బడి వయసు ఆడపిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. నా దృష్టిలో ఆ పోటీకి అసలైన కొలమానం కుస్తీ పట్లు కాదు, ఆ ఏడుపే.

తరువాత 1990 నవంబరులో బుల్ నకనో, అజా కాంగ్ ఇనుప పంజరంలో తలపడిన పోటీ చూడండి. పంజరం పైఅంచు మీద నిలబడిన నకనో, కింద పడి ఉన్న కాంగ్ మీదికి దూకుతుంది. ఆ దూకడం కన్నా, దానికి ముందు ఆమె ఆగిన ఆ కొద్ది క్షణాలను శ్రద్ధగా గమనించండి.