మాక్రోలో సిస్టమ్ కాల్ పెడితే నా లూప్ ఎందుకు ఆగట్లేదు?

మీరు నాస్మ్ అనే అసెంబ్లర్‌లో ప్రింట్ కోసం రాసిన మాక్రో విడిగా వాడితే పనిచేస్తోంది, 10 సార్లు తిరగాల్సిన లూప్‌లో పెడితే ఆగట్లేదు, పాత పుస్తకంలోని 32 బిట్ కోడ్ మాత్రం అదే లూప్‌తో సరిగ్గా నడుస్తోంది అన్నారు. లూప్ లెక్క ఆర్‌సీఎక్స్ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) పెట్టి ఉంటారు. అదే కారణం.

నాకూ ఇదే జరిగింది. నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర రూమ్‌లో ఉండి చదువుకునే రోజులు. కాలేజీ ల్యాబ్‌లో నేర్పింది 8086 ప్రాసెసర్, డాస్‌ను పని అడిగే ఐఎన్‌టీ 21 హెచ్. లైనక్స్ సొంతంగా మొదలుపెట్టిన. పది చుక్కలు వేయమంటే టెర్మినల్ నిండా చుక్కలే. రూమ్మేట్ చూసి వైరస్ వచ్చిందేమో అన్నాడు. రెండు రాత్రులు లూప్ లేబుల్‌నే అనుమానించిన, మాక్రో వైపు చూడనే లేదు. చివరికి జీడీబీ అనే డీబగ్గర్‌లో ఒక్కో అడుగు వేసుకుంటూ పోతే, 10 ఉండాల్సిన ఆర్‌సీఎక్స్‌లో 41 లక్షల 98 వేల చిల్లర కనిపించింది!

అది చెత్త అంకె కాదు, చిరునామా. 64 బిట్‌లో సిస్టమ్ కాల్ చేసేది, అంటే లైనక్స్‌ను పని అడిగేది, సిస్‌కాల్ అనే ఇన్‌స్ట్రక్షన్. అది కెర్నల్‌లోకి (లైనక్స్ అసలు భాగం) వెళ్లేటప్పుడు, తిరిగి రావాల్సిన చోటును ఆర్‌సీఎక్స్‌లో, ఫ్లాగులను ఆర్11లో రాసుకుంటుంది. లూప్ ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌సీఎక్స్‌లోంచి ఒకటి తగ్గిస్తుంది, సున్నా కాలేదు కాబట్టి వెనక్కి దూకుతుంది, మాక్రో మళ్లీ చిరునామా నింపుతుంది. ఇంక సున్నా అయ్యేదెప్పుడు? 32 బిట్ కోడ్ సిస్టమ్ కాల్‌కి వాడే పాత ఐఎన్‌టీ 80 హెచ్ ఈ పని చేయదు, అందుకే పుస్తకంలో కోడ్ నడిచింది. నాలుగో ఆర్గ్యుమెంట్ మామూలు ఫంక్షన్‌కి ఆర్‌సీఎక్స్‌లో, సిస్టమ్ కాల్‌కి ఆర్10లో వెళ్లడం కూడా ఇందుకే.

మాక్రోలోనే ఆర్‌సీఎక్స్‌ను పుష్ చేసి (స్టాక్‌లో దాచి), అయ్యాక పాప్ చేస్తే (వెనక్కి తీస్తే) చాలదా అంటారేమో. నేనూ అదే చేసి ఇంకో గుంతలో పడ్డా. మాక్రో అంటే ఉన్న అక్షరాలను ఉన్నట్టు అతికించడమే. ఆర్గ్యుమెంట్‌గా ఆర్‌ఎస్‌పీ (స్టాక్ పైభాగం చిరునామా ఉండే రిజిస్టర్) ప్లస్ 8 దగ్గరి విలువ ఇస్తే, పుష్ వల్ల స్టాక్ 8 బైట్లు జరిగి వేరే విలువ వస్తుంది. అలాగే పొడవును ఆర్‌డీఐలో పెట్టి మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి చూడండి: మాక్రో మొదట ఆర్‌డీఐలో ఫైల్ నంబర్ 1 వేస్తుంది, దాంతో పొడవు కూడా 1 అయి ఒక్క అక్షరమే వస్తుంది. ఈ తప్పుకు అసెంబ్లర్ ఒక్క మాట కూడా అనదు.

నా అలవాటు చెప్తా. లెక్కను ఆర్‌బీఎక్స్‌లో గానీ ఆర్12లో గానీ పెడతా, డెక్‌తో ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే జేఎన్‌జెడ్‌తో దూకుతా. కెర్నల్ వాటిని ముట్టదు. మాక్రో పైన ఒక్క లైన్ కామెంట్ రాసుకుంటా: ఆర్‌ఏఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్11, ఆర్గ్యుమెంట్ రిజిస్టర్లు పోతాయి అని. మాక్రో లోపల లేబుల్ కావాలంటే ముందు రెండు పర్సెంట్ గుర్తులు పెట్టండి, లేకపోతే రెండోసారి వాడగానే లేబుల్ మళ్లీ వచ్చిందని ఎర్రర్ ఇస్తుంది.

మార్చాక ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) కింద నడిపి చూడండి. రైట్ (write) కాల్స్ సరిగ్గా 10 వచ్చి, తర్వాత ఎగ్జిట్ కనిపించాలి. 64 బిట్‌లో ఎగ్జిట్ సిస్టమ్ కాల్ నంబర్ 60 అని గుర్తుంది కదా? పుస్తకంలోని 1 వేస్తే 64 బిట్‌లో అది రైట్ అవుతుంది.