ఎండైవ్ మన ఎండలకు వస్తుందా? తిరుపతి మిద్దె మీద మూడేళ్లు పెంచాక నా జవాబు

చిత్తూరు నుంచి అడిగిన అక్కకి,

సంక్రాంతి దాటాక ఎండైవ్ గింజలు చల్లాననీ, మొలకలు బాగానే వచ్చాయనీ, మార్చి వచ్చేసరికి మధ్యలోంచి కాడ లేచి ఆకు నోట్లో పెట్టలేనంత చేదైపోయిందనీ రాశారు. ఎరువు తక్కువైందా, మట్టి పడలేదా అని మీ ప్రశ్న. రెండూ కాదక్కా. మీరు గింజ వేసిన నెల తప్పు. మొదటి ఏడాది నేనూ అచ్చం ఇలాగే చేశాను. తోటకూర, గోంగూర ఎండాకాలంలోనూ వస్తాయి కదా, ఇదీ ఆకుకూరే కదా అనుకున్నా.

ఇది సలాడ్‌లో పచ్చిగా తినే లెట్యూస్‌కి దగ్గరి చుట్టం, చలికాలం మొక్క. పగటి పొద్దు పెరిగి ఎండ ముదిరిందంటే ఆకు వేయడం ఆపేసి పూతకు పోతుంది. అప్పుడు కాడ తుంచి చూడండి, తెల్లగా పాలు కారతాయి. చేదు ఉండేది ఆ పాలల్లోనే. ఎన్ని నీళ్లు పోసినా ఇక వెనక్కి రాదు, పీకేయండి. ఒక్క మొక్క మాత్రం వదిలితే లేత నీలం పూలు పూస్తుంది. పొద్దున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. నాకైతే ఆ ఏడాది దక్కింది ఆ పూలే.

ఈసారి గింజలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద పేరు చూసుకోండి. ఆకు గిరజాల జుట్టులా చీలికలు చీలికలుగా ఉండేది ఫ్రిజే, వెడల్పుగా ఉండేది ఎస్కరోల్. ఈ రెండూ అసలు ఎండైవ్. బెల్జియన్ ఎండైవ్ అని తెల్లటి మొగ్గలా కనిపించేది వేరే, అది చికోరీ. మనం కాఫీ పొడిలో కలుపుకునే చికోరీ జాతే. ముందు మొక్క పెంచి, వేరు తవ్వి, ఆ వేరును చల్లటి చీకటి గదిలో పెట్టి మళ్లీ చిగురు తెప్పించాలి. ఆ చలి మనకెక్కడిది? దాని జోలికి పోకండి. మొదటిసారైతే ఎస్కరోల్ వేయండి, మన ఉక్కకు అదే కాస్త ఓర్చుకుంది.

రెండో ఏడాది, అంటే 2021లో, తెలివి మీరి సెప్టెంబర్‌లోనే నారు పోశాను. నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులై పారిన వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. గ్రో బ్యాగుల అడుగు రంధ్రాలకు కొబ్బరి పొట్టు అడ్డుపడి నీళ్లు నిలిచాయి, మొదళ్లు మెత్తబడి మొక్కలు పడిపోయాయి. మనకు పెద్ద వానలు పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదలు దాకా. ఎండైవ్‌కి కావలసిన చలి ఆ వెంటనే మొదలై ఫిబ్రవరి నడిమికి అయిపోతుంది. ఈ సందులోనే పని కావాలి.

మూడో ఏడాది కుదిరిన లెక్క చెప్తాను. నవంబర్ మొదటి వారంలో గింజలు తడి గుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టాను. వేడిగా ఉంటే ఈ జాతి గింజ మొలకెత్తడానికి మొండికేస్తుంది. తర్వాత ట్రేలో పైపైన చల్లి, చిటికెడు మట్టి దులిపి, వాన తగలకుండా సన్‌షేడ్ కింద పెట్టాను. లోతుగా పూడ్చకండి. డిసెంబర్ మొదట్లో నాలుగైదు ఆకుల నారు తీసి, జానెడు కన్నా కాస్త ఎడంగా నాటాను. ఎర్రమట్టి సగం, మాగిన పశువుల ఎరువు పావు, మిగతాది కొబ్బరి పొట్టు, గుప్పెడు వేప పిండి. ఒకసారి ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని పోశాను, వారానికల్లా ఆకు అంచులు మాడాయి. ఆ నీళ్లలో ఉప్పెక్కువ, పోయకండి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బకెట్ కుమ్మరించినా అంచులు మాడతాయి, రోజూ కొంచెం కొంచెం పోయండి.

భోగి నాటికి పక్క ఆకులు కోసుకున్నాం. అప్పటికే కాస్త చేదు, తినగలిగే చేదే. ఈ మొక్కలో అసలు పని ఆ తర్వాత ఉంటుంది. మొక్క నడిమి గుండెకు ఎండ తగలకుండా చేస్తే లోపలి ఆకు తెల్లబడి, చేదు విరిగి, కరకరలాడుతుంది. నేను జనవరి 20 ప్రాంతంలో మొదలుపెట్టాను. ఎస్కరోల్‌కి బయటి ఆకులన్నీ పైకి పోగుచేసి జడలా పట్టుకుని కట్టాలి. ప్లాస్టిక్ దారం ఆకును కోస్తుంది. పూలమ్మే ఆమె దగ్గర అడిగి అరటినార తెచ్చుకున్నా, తడిపి కడితే బ్రహ్మాండంగా కుదిరింది. ఫ్రిజేకి కట్టక్కర్లేదు, మధ్యలో మట్టి మూకుడు బోర్లించి పైన చిన్న రాయి పెడితే చాలు.

ఒక్క జాగ్రత్త. కట్టేటప్పుడు ఆకు పొడిగా ఉండాలి. తొలి మొక్కను పొద్దున్నే మంచు ఆరకముందే కట్టేశాను. వారం తర్వాత విప్పితే లోపల గోధుమ రంగు జిగురు, కుళ్లిన క్యాబేజీ వాసన. మిగతావి సాయంత్రం నాలుగు దాటాక, వేలితో ఆకు సందులు తడిమి చూసుకుని కట్టాను, నీళ్లు ఆకు మీద పడకుండా మొక్క మొదలు దగ్గరే పోశాను. సరిగ్గా పదిహేను రోజులకు విప్పితే నడిమి ఆకులు లేత పసుపు, అంచులు మాత్రమే పచ్చ. విప్పిన రోజే కోసేయాలి, మళ్లీ ఎండ తగిలితే పచ్చబడి చేదు తిరిగొస్తుంది. అందుకని అన్నీ ఒకేసారి కట్టకండి, వారానికి రెండు చొప్పున కట్టండి.

పేనుబంక ఆకు అడుగున చేరుతుంది, వేపనూనెలో సబ్బునీళ్లు కలిపి కొడితే పోతుంది. కట్టాక మాత్రం కొట్టొద్దు. మాది అలిపిరి వైపు, కోతుల బెడద ఎక్కువ. టమాటాలు ఒక్కటి మిగలనివ్వవు. ఎండైవ్ మాత్రం ఒక ఆకు కొరికి, ఉమ్మేసి, మళ్లీ ఆ కుండీ వైపు రాలేదు.

వంటకి వస్తే, తెల్లటి ఆకు పచ్చిదే బాగుంటుంది. సన్నగా తరిగి ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించి నలగ్గొట్టిన వేరుశనగ గుళ్లు కలపండి. పచ్చాకు కందిపప్పులో పచ్చిమిర్చి, చింతపండుతో ఎనిపితే సంగటిలోకి సరిపోతుంది. ఆకు చివర్లో వేయండి, రెండు ఉడుకులు చాలు. తెల్లబడని ఆకుతో మొదటిసారి చేసినప్పుడు మా అత్తమ్మ ఒక ముద్ద తిని, "ఉగాది ఇంకా నెల ఉండాదే, అప్పుడే పచ్చడి పెట్టేసినావా?" అనింది. తెల్లాకు పెట్టిన రోజు ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుంది.

మీ చిత్తూరు మాకన్నా కాస్త ఎత్తు, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. ఇంకో వారం పది రోజులు మీకు కలిసొస్తాయి. పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లకైతే ఇంకా సులువు. ప్యాకెట్‌లో గింజలు మిగిలుంటే గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. దీపావళి దాటాక తీయొచ్చు. అరటినార మాత్రం అప్పటికప్పుడే తెచ్చుకోండి, ముందే తెచ్చి పెడితే ఎండి పుటుక్కున తెగుతుంది.