ఖావ్ సోయ్ అంటే సోయా కాదండీ!

క్రితం సంచికలో థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ గురించి నాలుగు ముక్కలు రాసి, అక్కడి నూడుల్స్ సంగతి, ముఖ్యంగా ఖావ్ సోయ్ అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసు సంగతి, ఇంకోసారి చెప్తానని తప్పించుకున్నాను. మీరు వదల్లేదు. వచ్చిన ప్రశ్నల్లో ఒకేలా ఉన్నవి పక్కన పెట్టి, మిగతావాటికి జవాబులు ఇవిగో.

ప్రశ్న: డిసెంబర్‌లో నలుగురు ఫ్రెండ్స్‌మి చియాంగ్ మాయ్ వెళ్తున్నాం. ఉండేది రెండు రోజులే. ఖావ్ సోయ్ తినకుండా రావద్దని అందరూ అంటున్నారు కానీ ఒక్కో వీడియోలో ఒక్కో షాపు పేరు. మీరు ఒక్క పేరు చెప్పండి సార్, అక్కడికే పోతాం. (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: హైదరాబాద్‌లో బిర్యానీకి ఒక్క హోటల్ పేరు చెప్పమంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా తమ్ముడూ. నేనొకటి చెప్తాను, పక్కనున్నాయన ‘ఛ, అదా’ అంటాడు, ఇద్దరం అరగంట కొట్లాడుకుంటాం, ఈలోగా మీకు ఆకలేస్తుంది. అక్కడా అంతే. అందుకే ఒక్క పేరు కాదు, మూడు దిక్కులు చెప్తాను.

పింగ్ నది తూర్పు ఒడ్డున ఫా హామ్ అనే పేట ఉంది. లామ్ డువన్, సమోజాయ్ అనే రెండు పాత షాపులు అక్కడ దగ్గర దగ్గరగానే ఉంటాయి. నలుగురున్నారు కాబట్టి ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో రెండు గిన్నెలు చెప్పుకుని పంచుకోండి, తేడా నాలుకకే తెలుస్తుంది. పాత ఊరంటే చుట్టూ కందకం ఉన్న చదరమే. దాని ఉత్తరం అంచున ఖున్ యాయ్ ఉంది. ‘ఖున్ యాయ్’ అంటే అమ్మమ్మ. కందకం దాటి ఇంకాస్త వాయవ్యానికి పోతే ఖావ్ సోయ్ మే సాయ్, హోటళ్లకి చుక్కలిచ్చే మిషెలిన్ గైడ్ వాళ్ల బిబ్ గుర్మాండ్ (తక్కువ ధరకి మంచి తిండి పెట్టే చోట్ల) జాబితాలోకి ఎక్కిన షాపు. అవార్డు వచ్చింది కదా అని అద్దాల హోటల్‌ని ఊహించుకోకండి, మన ఇడ్లీ బండి పక్కన వేసేలాంటి స్టూళ్లే ఉంటాయి.

షాపు కంటే ముందు చూసుకోవాల్సింది టైము. ఖావ్ సోయ్ అక్కడ పగటి తిండి. పొద్దున తెరుస్తారు, కుండ ఖాళీ కాగానే మూసేస్తారు. మొదటిసారి నాకిది తెలియదు. హోటల్లో హాయిగా పడుకుని, మధ్యాహ్నం మూడున్నరకి చెమటలు కక్కుతూ ఒక షాపుకి చేరాను. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి, ఒకావిడ గొట్టంతో నేల కడుగుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపి ‘మోత్ లేవ్’ అంది, అంటే అయిపోయిందని. ఆ రోజు సెవెన్ ఇలెవెన్ శాండ్‌విచ్‌తో కడుపు నింపుకున్నాను, ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు కూడా. మీరు పదకొండు గంటలకల్లా అక్కడ ఉండండి.

ఇక గిన్నె సంగతి. గోధుమపిండి, గుడ్డు కలిపి చేసిన పసుపుపచ్చ నూడుల్స్ ఉడికించి అడుగున వేస్తారు. మీద కొబ్బరిపాలు, మసాలాముద్దతో కాచిన పులుసు, అందులో ఎముక నుంచి ఊడిపోయేంత ఉడికిన కోడికాలు. ఆ పైన అవే నూడుల్స్ నూనెలో కరకరలాడేలా వేయించి ఒక గుప్పెడు. మన మిర్చీ కా సాలన్ మీద తేలినట్టు పులుసు పైన ఎర్రటి నూనె తేలుతుంది. తేలకపోతే అక్కడివాళ్లే మొహం చిట్లిస్తారు. పక్కన చిన్న ప్లేటులో పులియబెట్టిన ఆవ ఆకు ముక్కలు, సాంబారు ఉల్లిపాయల్లాంటి చిన్న ఉల్లి, నిమ్మబద్ద, నూనెలో నల్లగా వేయించిన మిరపకారం ఇస్తారు. మనవాళ్లు చాలామంది దాన్ని సలాడ్ అనుకుని పక్కకి నెట్టేస్తారు. అది వెయ్యకపోతే మీరు తిన్నది సగం ఖావ్ సోయే. రెండు స్పూన్లు రుచి చూసి నిమ్మ పిండండి, ఆవ ఆకు, ఉల్లి కలపండి, కారం మాత్రం చెంచాలో పావువంతుతో మొదలుపెట్టండి. గుంటూరు నుంచి వచ్చామని డబ్బా కొట్టుకునేవాళ్లకీ అదే నా సలహా. మామూలు షాపులో గిన్నె యాభై, అరవై బాట్‌లకి వచ్చేస్తుంది. గిన్నె చిన్నదే, మన ఆకలికి రెండు పట్టొచ్చు.

ప్రశ్న: అక్కడ హలాల్ ఖావ్ సోయ్ దొరుకుతుందా? థాయ్ అంటే అంతా పోర్కే అని మావాళ్లు భయపెడుతున్నారు. (మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దొరుకుతుందా అంటున్నారు, అసలు ఈ వంటే ముస్లింల దారి వెంట వచ్చిందండీ! చైనాలోని యున్నాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకు వేసుకుని, బర్మా కొండలు దాటి చియాంగ్ మాయ్‌కి వచ్చే వ్యాపారులు ఉండేవాళ్లు. థాయ్‌లు వాళ్లని ‘చిన్ హావ్’ అంటారు, వాళ్లలో ముస్లింలు చాలామంది. యున్నాన్‌లో 1856 నుంచి 1873 దాకా సాగిన పాంథే తిరుగుబాటును (అక్కడి ముస్లింలు చైనా చక్రవర్తి పాలన మీద తిరగబడ్డది) అణచివేశాక ఇంకొంతమంది ఇటు తరలి వచ్చారు. గోధుమ నూడుల్స్, మసాలా దట్టించిన మాంసం పులుసు వీళ్ల వెంటే వచ్చాయని, కొబ్బరిపాలు ఈ ఊళ్లోనే తర్వాత కలిశాయని ఎక్కువమంది చెప్పే మాట. నాకూ అదే సబబనిపిస్తుంది, ఎందుకంటే ఆ కొండల్లో కొబ్బరిచెట్టు ఎక్కడిది?

నైట్ బజార్ దగ్గర బాన్ హావ్ మసీదు ఉంది. ఆ సందంతా హలాల్ తిండే, మసీదు దగ్గరే ఖావ్ సోయ్ ఇస్లాం అనే షాపు కూడా ఉంది. కోడితో పాటు బీఫ్ ఖావ్ సోయ్ దొరుకుతుంది, బిర్యానీకి తమ్ముడి వరసయ్యే ‘ఖావ్ మోక్’ కూడా దొరుకుతుంది. వీలైతే శుక్రవారం పొద్దున వెళ్లండి. మసీదు ఎదురుగా యున్నాన్‌వాళ్లు, కొండజాతులవాళ్లు సంత పెడతారు. మీరు భయపడుతున్న థాయ్‌లాండ్ ఆ సందులో కనిపించదు, అరబ్బుల హరీస్ మన హలీమ్ అయినట్టు అక్కడ ఏమేం అయ్యాయో కనిపిస్తుంది.

ప్రశ్న: ఖావ్ సోయ్, మన హైదరాబాద్ రెస్టారెంట్లలో దొరికే ఖావ్ స్వే ఒకటేనా? సోయ్ అంటే సోయాసాసా? (తార్నాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండో ప్రశ్నకి ముందు: కాదమ్మా. థాయ్‌లో ‘సోయ్’ అంటే సన్నగా తరగడం, పిండిని పరిచి కత్తితో తరిగేవాళ్లు కాబట్టి ఆ పేరు అంటారు కొందరు. బర్మా భాషలో నూడుల్స్‌ని ‘ఖావ్ స్వే’ అంటారు, అదే ఇలా మారిందంటారు ఇంకొందరు. చియాంగ్ మాయ్‌ని 1296లో మాంగ్రాయ్ రాజు కట్టించాడు, 1558లో బర్మావాళ్లు పట్టుకుని దాదాపు రెండు వందల ఏళ్లు ఏలారు, కాబట్టి మాటలు అటూ ఇటూ దొర్లడం వింతేమీ కాదు.

ఇక్కడి రెస్టారెంట్లలో తినేది బర్మావాళ్ల ‘ఓన్ నో ఖావ్ స్వే’కి చుట్టం. ఓన్ నో అంటే కొబ్బరిపాలు. అందులో పులుసు చిక్కబడటానికి శనగపిండి వేస్తారు, ఉడికించిన కోడిగుడ్డు వేస్తారు, రుచి మెత్తగా ఉంటుంది. ఖావ్ సోయ్‌లో శనగపిండి ఉండదు, మసాలా ముందుకొచ్చి మాట్లాడుతుంది. మన ఉత్తరాంధ్ర పాతవాళ్లని అడగండి, రంగూన్‌ని ‘రంగం’ అనేవాళ్లు, ‘తాత రంగం వెళ్లాడు’ అని ప్రతి ఊళ్లో ఒక కథ ఉండేది. ఆ తాతల్లో ఎంతమంది ఈ గిన్నె రుచి చూశారో!

ప్రశ్న: చియాంగ్ మాయ్ మార్కెట్‌లో ఎర్రటి నూడుల్స్ పులుసు తిన్నాను. అందులో పుల్లల్లాంటివి ఏవో తగిలాయి. నమిలితే మెత్తగా, కొంచెం పీచుగా ఉన్నాయి. ఏంటవి? కడుపుకేం కాదు కదా? ఇప్పటికీ అదే టెన్షన్. (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: టెన్షన్ వద్దమ్మా, మీరు తిన్నది బూరుగ పువ్వు. ఎండాకాలం ముందు ఆకులన్నీ రాల్చేసి చెట్టు నిండా ఎర్రగా పూస్తుంది చూడండి, అదే. ఆ పువ్వు రేకలు తీసేసి, లోపలి కేసరాలను ఎండబెట్టి, పులుసులో వేస్తారు. థాయ్‌లో దాన్ని ‘దోక్ న్గియావ్’ అంటారు, మీరు తిన్న వంట పేరు ‘ఖనోమ్ జీన్ నామ్ న్గియావ్’. నాకైతే చియాంగ్ మాయ్ అసలు రుచి ఇదే, ఖావ్ సోయ్‌కి వచ్చిన పేరు దీనికి రాలేదని కొంచెం కోపం కూడా.

ఇందులో కొబ్బరిపాల జోలే లేదు. టమాటా పులుపు, పంది ఎముకల రసం, అందులో చిన్న టమాటాలు, గడ్డకట్టిన రక్తం ముక్కలు (ఇది చెప్పకుండా ఉండాల్సిందేమో, మీరు ఇప్పటికే తినేశారు కాబట్టి చెప్తున్నాను). ‘తువా నావ్’ అని ఒకటి వేస్తారు. సోయాగింజలు ఉడకబెట్టి, పులియబెట్టి, రుబ్బి, అప్పడాల్లా ఒత్తి ఎండలో పెడతారు. డాబా మీద వడియాలు పెట్టినట్టే ఉంటుంది చూడటానికి, వాసన మాత్రం వేరే లోకం. నూడుల్స్ బియ్యప్పిండివి, మన ఇడియాప్పం కంటే కాస్త లావు. ఖనోమ్ జీన్‌లో ‘జీన్’ అంటే చైనా అని చాలామంది పొరబడతారు, ఆ మాట మోన్ భాష నుంచి వచ్చిందంటారు. ఉత్తరాదివాళ్లు ‘ఖనోమ్ సేన్’ అనే అంటారు. ‘న్గియావ్’ అన్నది కూడా బర్మావైపు కొండల్లో ఉండే షాన్ జాతివాళ్లని పాతకాలంలో పిలిచిన పేరు, వాళ్లకి నచ్చని పేరు, కాబట్టి మనుషుల్ని ఆ పేరుతో పిలవకండి. పులుసుని ఎలాగైనా పిలవొచ్చు.

ప్రశ్న: మా అమ్మ కోడిగుడ్డు కూడా తినదు. నూడుల్స్ షాపుల్లో ఆమెకి ఏమైనా ఉంటుందా? (సైనిక్‌పురి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఖావ్ సోయ్ షాపులో కోడికాలు తీసేసి ఇమ్మంటే ఇస్తారు, కానీ పులుసు మాంసం రసమే, మసాలాముద్దలో రొయ్యల ముద్ద ఉండొచ్చు, నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది, చేప సాస్ అయితే అక్కడ ఉప్పు లెక్క. అమ్మని మోసం చెయ్యకండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న షాపు వెతకండి, అది ‘జే’ గుర్తు. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీక మాసం వంట అనుకోండి. అక్కడ టోఫు వేసిన ఖావ్ సోయ్ కూడా కొన్నిచోట్ల చేస్తారు. లేదంటే ఆ జే షాపులోనే బియ్యప్పిండి నూడుల్స్, లేదా ‘వున్ సేన్’ అడగండి. అది పెసల పిండితో చేసే గాజులాంటి నూడుల్స్. ఓ చిన్న డబ్బాలో ఆవకాయ పెట్టుకెళ్లమని నేను చెప్పక్కర్లేదు, అమ్మ ఎలాగూ పెట్టుకుంటుంది.

ప్రశ్న: బల్ల మీద నాలుగు సీసాలు పెట్టారు, ఒకదాంట్లో పంచదార. కాఫీ షాపు కాదు కదా, పొరపాటున పెట్టారా? (మెహదీపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పొరపాటు కాదు. పంచదార, మిరపకాయలు వేసిన చేప సాస్, మిరపకాయల వెనిగర్, ఎండుకారం. ‘కువైతియావ్’ షాపు, అంటే మామూలు నూడుల్స్ షాపు, ఎక్కడైనా ఇవే నాలుగు. వాళ్లు చప్పగా ఇస్తారు, మీరు దిద్దుకోవాలి. అర చెంచా పంచదార వేసి చూడండి, నన్ను తిట్టుకుంటూనే వేసి చూడండి, కారం, పులుపు రెండూ ఒక్కసారిగా సర్దుకుంటాయి. పులుసుతో కావాలంటే ‘నామ్’ అనండి, పొడిగా కావాలంటే ‘హేంగ్’. నూడుల్స్‌లో సన్నవి ‘సేన్ మీ’, మధ్యరకం ‘సేన్ లేక్’, వెడల్పువి ‘సేన్ యాయ్’, గుడ్డువి ‘బా మీ’. భాష రాకపోతే గాజుపెట్టెలో కనిపిస్తాయి, వేలు చూపిస్తే చాలు.

ప్రశ్న: ఇంట్లో చెయ్యొచ్చా? అక్కడి ముద్ద ఇక్కడ దొరకట్లేదు. (ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముద్ద కొనొద్దు, చెయ్యండి. ఎండుమిరపకాయలు నానబెట్టుకోండి. సాంబారు ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, ఒక పచ్చిపసుపు కొమ్ము పెనం మీద పైపైన నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. ఈ కాల్చడం మానేస్తే మామూలు కొబ్బరి కూర అయిపోతుంది. ధనియాలు, ఒక నల్ల యాలక్కాయ వేయించి (అక్కడివాళ్లు వాడే ‘చా కో’ దానికి దగ్గర చుట్టం) అన్నీ కలిపి రుబ్బండి. రెండు కొబ్బరికాయల పాలు తీసి, చిక్కటి మొదటి పాలు బాణలిలో నూనె విడిపోయేదాకా కాచి, ముద్ద అందులో వేయించండి. తర్వాత కోడికాళ్లు, పల్చటి పాలు, చేప సాస్ లేకపోతే ఉప్పు, చిన్న ముక్క తాటిబెల్లం. నూడుల్స్‌కి ఎగ్ నూడుల్స్ ప్యాకెట్ చాలు. ఒక గుప్పెడు ముందే ఉడికించి, గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టి వేయించండి. తడి ఉంటే నూనె మీదికి చిమ్ముతుంది, నా ఎడమ చెయ్యి మీద ఇంకా మచ్చ ఉంది. ఆవ ఆకు ఊరగాయ ఉప్పల్‌లో దొరక్కపోతే, ముల్లంగి ఆకు ఉప్పు, కాస్త వెనిగర్ వేసి రెండు రోజులు ఊరబెట్టండి, పని నడుస్తుంది.