ప్లానెట్ ఎర్త్‌ను జంతువుల వారీగా కాక ఆవాసాల వారీగా ఎందుకు విభజించారు?

బీబీసీ 2006లో ప్రసారం చేసిన ప్రకృతి డాక్యుమెంటరీ ధారావాహిక 'ప్లానెట్ ఎర్త్'లోని 11 భాగాల్లో మొదటిది పరిచయం కాగా, మిగిలినవి పర్వతాలు, గుహలు, ఎడారులు, సముద్రాలు అంటూ ఆవాసాల వారీగా సాగుతాయి. ఒక జీవి శరీరమూ నడవడికా అది బతికే నేలను బట్టే ఏర్పడతాయి కాబట్టి ఈ విభజన సరైనదే. నిటారైన కొండచరియల మీద వేటాడే మంచు చిరుతకు పొడవాటి తోక ఎందుకో ఆ చరియలను చూశాకే అర్థమవుతుంది.

కడప జిల్లావారికి ఇంత దూరపు ఉదాహరణ అక్కరలేదు. 1900 తర్వాత కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో ఈ జిల్లాలోనే మళ్లీ కనిపించడంతో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట నేల మీద తిరుగుతూ పురుగులను తినే ఈ పక్షికి ముళ్ల పొదల చాటూ కావాలి, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేలా కావాలి. పొదలు మరీ దట్టంగా పెరిగినా, పూర్తిగా నరికేసినా అది నిలవలేదు. మనిషి కంటపడటమే అరుదు కనుక, పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక దాని మీద పడిన అడుగుజాడలను పరిశీలించేవారు.

ఇటువంటి చిట్టడవి వర్షారణ్యంలా కనువిందు చేయదు కనుక ప్రకృతి ధారావాహికల్లో దానికి చోటు తక్కువ. నా దృష్టిలో ఇది పెద్ద లోపమే, ఎందుకంటే జనం పనికిరాని భూమిగా భావించే ఆవాసమే ముందుగా చదునై పొలాలకూ కాలువలకూ పోతుంది.