ప్రోటియేజ్‌లు కొలవబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

కాండిడా అనే శిలీంధ్రం మీద పని మొదలుపెట్టావని, అది వదిలే ప్రోటియేజ్‌లు, అంటే ప్రోటీన్లను ముక్కలుచేసే ఎంజైమ్‌లు, కొలవమన్నారని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. నా ఉద్యోగమంతా ఈ శిలీంధ్రాలతోనే గడిచింది. నేను ఆలస్యంగా నేర్చుకున్నవి నీకు ముందే తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు పీహెచ్, అంటే ద్రావణం ఎంత ఆమ్లంగా ఉందో, చూసుకో. కాండిడా ఆల్బికాన్స్‌లో సాప్ అనే యాస్పార్టిల్ రకం ప్రోటియేజ్‌లకు పది జన్యువులున్నాయి. సాప్1 నుంచి సాప్3 దాకా పీహెచ్ 3–5 మధ్య చురుగ్గా ఉంటాయి. శిలీంధ్రం పోగులు సాగేటప్పుడు వచ్చే సాప్4–6కి 5–7 నప్పుతుంది. ఇది తెలియక నేను 7.4 బఫర్‌లో రెండు నెలలు కొలిచాను. రోజూ సున్నాయే. ఎంజైమే లేదని నోట్‌బుక్‌లో రాసేశాను కూడా. ఆ పేజీ తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ప్లేటులో పరీక్షించేటప్పుడు పాలపొడి కలిపిన అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) జోలికి పోకు. పీహెచ్ 4.6 దగ్గర పాలలోని ప్రోటీన్ కేసిన్ విరిగిపోతుంది, ఇక ఆ ప్లేటులో ఏది ఎంజైమ్ పనో ఏది ఆమ్లం పనో తేల్చలేవు. ఆవు రక్తంలోని ప్రోటీన్ అయిన బోవైన్ సీరం ఆల్బుమిన్ వాడు. దాన్ని ఆటోక్లేవ్‌లో పెడితే గడ్డకడుతుంది. విడిగా ఫిల్టర్ చేసి, అగర్ 50 డిగ్రీలకు చల్లారాక కలుపు. మీడియంలో అమ్మోనియం ఉండకూడదు. తేలిగ్గా దొరికే నత్రజని ఉంటే కాండిడా సాప్2ని దాదాపు తయారుచేయదు. అందుకే నత్రజని లేని యీస్ట్ కార్బన్ బేస్ అనే మీడియం వాడతారు. తర్వాత ప్రోటీన్‌కు పట్టే అమిడో బ్లాక్ రంగు పోసి కడిగితే, నీలం మధ్య కాలనీ చుట్టూ ప్రోటీన్ పోయి రంగు పట్టని వలయం కనిపిస్తుంది.

ఆ వలయం చూడగానే ఎంజైమ్ పేరు రాసేయాలనిపిస్తుంది. తొందరపడకు. శిలీంధ్రం పెరిగిన ద్రవాన్ని కణాల నుంచి వేరుచేసి, ఎంజైమ్ పనిని ఆపే ఇన్‌హిబిటర్లతో పరీక్షించు. పెప్‌స్టాటిన్‌తో ఆగితే యాస్పార్టిల్ రకం. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ వదిలే ఆల్ప్1 లాంటి సెరీన్ రకమైతే పీఎంఎస్‌ఎఫ్‌తో ఆగుతుంది. లోహం మీద ఆధారపడేదైతే ఈడీటీఏతో. పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, వాడే ముందే కలుపుకో. పెప్‌స్టాటిన్‌ను కరిగించడానికి వాడే ద్రావకాన్ని ఒక్కదాన్నే మరో ట్యూబులో వేయి. మరిగించిన ద్రవంతో ఇంకొకటి పెట్టు. ఈ రెండు ట్యూబులు లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

చర్మం, గోళ్ల మీద పెరిగే శిలీంధ్రం ట్రైకోఫైటాన్ మీదికి వెళ్తే ఒకటి గుర్తుంచుకో. గోళ్లు, వెంట్రుకల్లో ఉండే గట్టి ప్రోటీన్ కెరాటిన్‌లోని సల్ఫర్ బంధాలు విడిపోనిదే ప్రోటియేజ్‌లు దాన్ని సరిగా కొరకలేవు. ఆ పనికి శిలీంధ్రం సల్ఫైట్‌ను కూడా వదులుతుంది. వేరుచేసిన ఎంజైమ్ ఒక్కదానితో కెరాటిన్ కరగకపోతే ఎంజైమ్‌ని తప్పుపట్టకు.

ఎంజైమ్ ఉన్నంత మాత్రాన జబ్బుకి అదే కారణమని రాయకు. సాప్ జన్యువులు తీసేసిన తొలి మ్యుటెంట్లు (జన్యువు మార్చిన శిలీంధ్రాలు) బలహీనపడ్డాయి, సాప్‌లే కారణమని అందరం నమ్మాం. వాటి తయారీలో గుర్తుగా వాడిన యూరా3 అనే జన్యువు కూడా బలహీనతకు కారణం కావచ్చని తర్వాత తేలింది. 2008లో ఆ గుర్తు లేకుండా సాప్1–3 తీసేసిన మ్యుటెంట్లు, సాప్4–6 తీసేసినవి, ల్యాబ్‌లో పెంచిన మానవ ఎపిథీలియం (పైపొర కణజాలం)లోకి మామూలుగానే చొరబడ్డాయి. 2016లో ఎపిథీలియం కణాలను దెబ్బతీసే క్యాండిడాలైసిన్ అనే పెప్టైడ్ కాండిడాలో బయటపడింది, అది ప్రోటియేజ్ కాదు. అయితే క్రిప్టోకోకస్ అనే మరో శిలీంధ్రంలో ఎంపీఆర్1 అనే మెటల్లోప్రోటియేజ్ (లోహం మీద ఆధారపడే ప్రోటియేజ్) తీసేస్తే అది మెదడులోకి దాటడం బాగా తగ్గుతుంది. ఒక శిలీంధ్రంలో చూసింది ఇంకోదానికి అంటగట్టకూడదు.

వేరుచేసిన ద్రవాన్ని చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో దాచు. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టించకు. వచ్చే ఉత్తరంలో పెప్‌స్టాటిన్ వేసిన ట్యూబు అంకె, వేయనిదాని అంకె పక్కపక్కనే రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న