వలస వచ్చేవాళ్ళకు చోటు సిద్ధం చేసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఒకే కంపెనీ చేతిలో కాకుండా, ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుతూ ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే సామాజిక వేదిక మాస్టడాన్‌లో నీ సర్వర్ పెట్టానని, వచ్చే నెల అందరికీ తలుపులు తెరుస్తానని నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్ద సైట్లలో మళ్ళీ ఏదో ఒక గొడవ జరుగుతుంది, జనం ఇటు వస్తారు, అప్పటికి మనం సిద్ధంగా ఉండాలన్న నీ ముందుచూపు నాకు ఎంతో నచ్చింది. ర్యామ్ ఎంత కావాలి, డిస్క్ ఎంత కావాలి, ఎంతమందిని మోయగలదు అని అడిగావు. వాటి సంగతి తర్వాత చెబుతాను. నువ్వు అడగని మాట ఒకటి ముందు చెప్పాలి.

వచ్చేవాళ్ళు వికేంద్రీకరణ సిద్ధాంతం నచ్చి రారు. ఏళ్ళ తరబడి రోజూ పలకరించుకున్న మనుషులు చెల్లాచెదురైపోతే, వాళ్ళలో కొందరైనా ఇక్కడ కనిపిస్తారేమోనని వస్తారు. నువ్వు చేసే ప్రతి ఏర్పాటూ ఆ వెతుకులాటకు పనికొస్తుందా లేదా అని చూసుకో.

2022 అక్టోబర్ చివర్లో ట్విట్టర్ ఈలాన్ మస్క్ చేతికి వెళ్ళింది. అక్టోబర్, నవంబర్ నెలల మధ్యే మాస్టడాన్ నెలవారీ వాడుకరులు సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగారు. కొద్ది నెలలు తిరగకుండానే వాళ్ళలో లక్షలమంది కనిపించకుండా పోయారు. సర్వర్లు నెమ్మదించడం వల్లే పోయారని మాలాంటి నిర్వాహకులం అనుకున్నాం. తర్వాత ఒకరోజు నా సర్వర్లో ఒకటి రెండు పోస్టులతో ఆగిపోయిన ఖాతాలను తీరిగ్గా ఒక్కొక్కటే చూశాను. చాలావాటిలో మొదటి పోస్టుకు ఎవరూ పలకలేదు. పలికినచోట పాఠం చెప్పారు.

ఒక ఖాతా నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకావిడ కిటికీ అంచున వాలిన పిట్ట ఫొటో పెట్టి, "ఇదే ఇక్కడ నా మొదటి ట్వీట్. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని రాశారు. అరగంటలో ఏడు జవాబులు వచ్చాయి. ఫొటోకు వివరణ ఎందుకు రాయలేదని నాలుగు. దీన్ని ట్వీట్ అనకూడదని రెండు. హ్యాష్‌ట్యాగ్ పెట్టకపోతే ఎవరికీ కనిపించదని ఒకటి. పిట్ట బాగుందన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడ మళ్ళీ రాలేదు.

చూపులేనివాళ్ళు ఫొటోను ఆ వివరణ ద్వారానే తెలుసుకుంటారు. అది ఎంతో మంచి అలవాటు, వదులుకోకూడదు. కానీ అది చెప్పే వేళ అది కాదు. ముందు పలకరించండి, నాలుగు రోజులు పోయాక చెప్పండి, అంతవరకూ మీ ఫొటోలకు మీరు శ్రద్ధగా రాసి చూపించండి అని నీ సర్వర్లోని పాతవాళ్ళతో ఇప్పుడే మాట్లాడు. జనం వచ్చిపడ్డాక ఆ మాట ఎవరికీ వినపడదు.

హెచ్చరిక వెనక దాచి రాయడం, అంటే పైన విషయం ఏమిటో చెప్పి, నొక్కితేనే పోస్టు కనిపించేలా పెట్టడం, ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ రోజుల్లో వచ్చిన నల్లజాతివాళ్ళు తాము ఎదుర్కొన్న జాతి వివక్ష గురించి రాస్తే, చదవడానికి ఇబ్బందిగా ఉంది, హెచ్చరిక పెట్టి రాయండి అన్నవాళ్ళున్నారు. బతుకులో పడ్డ బాధను దాచిపెట్టమనడం స్వాగతం ఎలా అవుతుంది? ఏ విషయాలకు హెచ్చరిక తప్పనిసరో నీ నియమాల్లో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టు. తమ జీవితం గురించి తాము చెప్పుకునే మాటలు అందులోకి రావని కూడా స్పష్టంగా రాయి.

ఇక ఖాళీ టైమ్‌లైన్ సంగతి. పెద్ద సైట్లలో ఖాతా తెరవగానే అల్గారిదం ఏదో ఒకటి తెచ్చి ముందు పోస్తుంది. ఇక్కడ ఎవరినీ ఫాలో కాకపోతే హోమ్ పేజీ బోసిగా ఉంటుంది. కొత్త సర్వర్లో మరో చిక్కు ఉంది, దాన్ని చాలామంది నిర్వాహకులు ఆలస్యంగా గమనిస్తారు. మన సర్వర్‌కు చేరేవి చాలావరకు మనవాళ్ళలో ఎవరో ఒకరు ఫాలో అవుతున్న ఖాతాల పోస్టులే. కాబట్టి కొత్తగా వచ్చిన మనిషి తనకిష్టమైన హ్యాష్‌ట్యాగ్ వెతికితే, బయట వేలమంది దాని మీద రాస్తున్నా, నీ సర్వర్లో రెండో మూడో పోస్టులు కనిపిస్తాయి. పాత స్నేహితురాలి ఖాతా దొరికినా, ఆమె మన సర్వర్‌కు కొత్తయితే, పాత పోస్టులు కనబడవు. ఇక్కడ ఎవరూ లేరనుకుని వెనుదిరుగుతారు.

అందుకే తలుపులు తెరవడానికి నెల ముందు నుంచే నువ్వూ, నీ తోటివాళ్ళూ రకరకాల రంగాలవాళ్ళను వందల్లో ఫాలో అవండి. నమ్మకమైన రిలే, అంటే పలు సర్వర్ల బహిరంగ పోస్టులను అందరికీ పంచే సేవ, ఒకటి కలుపుకో. ఒక్కో అభిరుచికి ముప్ఫై నలభై ఖాతాలతో జాబితాలు తయారుచేయి. వాటిని సీఎస్‌వీ ఫైలుగా, అంటే పేర్లు వరసగా ఉండే సాదా ఫైలుగా, ఇస్తే కొత్తవాళ్ళు సెట్టింగ్స్‌లో దిగుమతి చేసుకుని ఒక్కసారే అందరినీ ఫాలో కావచ్చు. 2024లో బ్లూస్కై అనే మరో సామాజిక వేదిక వాళ్ళు స్టార్టర్ ప్యాక్‌ల పేరుతో ఇదే పనిని ఒక్క నొక్కుతో అయ్యేలా చేశారు. ఆ ఏడాది నవంబర్‌లో అక్కడికి జనం వెల్లువలా వచ్చినప్పుడు ఆ జాబితాలు ఎంత ఉపయోగపడ్డాయో అందరం చూశాం. మంచి పద్ధతి ఎక్కడున్నా నేర్చుకోవలసిందే.

2023 జూన్‌లో రెడిట్ అనే చర్చావేదిక తన ఏపీఐ (బయటి యాప్‌లు దాని సమాచారం అందుకునే దారి) వాడకానికి రుసుము పెడుతున్నప్పుడు, రెడిట్ లాంటిదే అయినా విడివిడి సర్వర్లతో నడిచే లెమ్మీకి వచ్చినవాళ్ళది వేరే అనుభవం. ఒకే విషయం మీద నాలుగైదు సర్వర్లలో నాలుగైదు సంఘాలు వెలిశాయి. ఏ ఒక్కదానిలోనూ సరిపడా మనుషులు లేక అన్నీ చప్పబడ్డాయి. ఇప్పటికే మరోచోట బాగా నడుస్తున్న సంఘం ఉంటే నువ్వు ఇంకొకటి పెట్టకు, మనుషులను అక్కడికే పంపు. వాళ్ళు నీ సర్వర్లో ఖాతా ఉంచుకునే అందులో పాల్గొనగలరు. ఈ ఏర్పాటుకున్న అసలు బలం అదే.

చేరేవాళ్ళకు మొదటి రోజే చెప్పవలసిన నిజాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడి ప్రైవేటు సందేశాలకు రెండు కొసల మధ్య పూర్తి గుప్తీకరణ లేదు. నిర్వాహకురాలిగా నువ్వు తలుచుకుంటే డేటాబేస్‌లో వాటిని చూడగలవు. రహస్యం అనుకున్నవి ఇక్కడ రాయవద్దని తేటగా చెప్పు. తుడిచేసిన పోస్టు ఇతర సర్వర్లలో కూడా తప్పకుండా తుడిచిపోతుందన్న హామీ మనం ఇవ్వలేం. సర్వర్ మారితే అనుచరులు వెంట వస్తారు కానీ పాత పోస్టులు రావు. ఇవన్నీ చెబితే భయపడి పోతారేమోనని నీకు అనిపించవచ్చు. దాచి, తర్వాత తెలిస్తే నీ మీద నమ్మకం పోతుంది. అప్పటికే ఒకచోట మోసపోయామని వచ్చినవాళ్ళు వాళ్ళు.

పోస్టులను, ఫిర్యాదులను చూసుకునే మోడరేటర్లను ముందే కూర్చుకో. నువ్వొక్కదానివే చూసుకుంటానంటే నేను ఒప్పుకోను. వేర్వేరు వేళల్లో మెలకువగా ఉండే ముగ్గురైనా కావాలి. ద్వేషం చిమ్మడమే పనిగా పెట్టుకున్న సర్వర్లు కొన్ని ఉన్నాయి. అందరూ ఎరిగినవాటిని తలుపులు తెరవక ముందే బ్లాక్ చేయి. అవమానపడ్డాక రిపోర్టు ఇచ్చుకోమనడం కన్నా అవమానం జరగకుండా చూడటం మేలు. అయినా రిపోర్టు వస్తే, నిర్ణయానికి సమయం పట్టేలా ఉన్నా, చూస్తున్నామని ఒక్క ముక్క వెంటనే రాయండి. నమోదును ఆమోదం పద్ధతిలో పెట్టి, ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒకటే ప్రశ్న అడుగు. స్పామ్ చాలావరకు అక్కడే ఆగుతుంది. దరఖాస్తులు మాత్రం రోజుకు రెండుసార్లు తప్పక చూడాలి. మూడు రోజులు జవాబు రాకపోతే ఎవరూ ఎదురుచూడరు.

ఇప్పుడు యంత్రాల సంగతి. ర్యామ్ కన్నా ముందు నిన్ను ఇబ్బంది పెట్టేది ఈమెయిల్. చాలా మెయిల్ సేవలకు రోజుకు ఇన్ని అని పరిమితి ఉంటుంది. ఒక వెల్లువలో నా పరిమితి మధ్యాహ్నానికే అయిపోయి, చేరినవాళ్ళకు ధ్రువీకరణ మెయిళ్ళు మర్నాటిదాకా వెళ్ళలేదు. పరిమితి ఎంతో కనుక్కుని, ఎక్కువున్న సేవకు ముందే మారు. తర్వాత సైడ్‌కిక్ వరస, అంటే సర్వర్ వెనక పనులు చేసే ప్రోగ్రాం దగ్గర పేరుకునే పనుల వరస. పోస్టులను ఇతర సర్వర్లకు పంపేదీ, అందుకునేదీ అదే. పేజీ చకచకా తెరుచుకుంటూనే ఉంటుంది, వెనక వరసలో మాత్రం లక్షల పనులు పేరుకుపోతాయి. పొద్దున రాసిన మాట అవతలివాళ్ళకు సాయంత్రానికి అందుతుంది. వరసలో జాప్యం ఎంతుందో రోజూ చూసే అలవాటు చేసుకో. డిస్క్‌ను తినేది మనవాళ్ళ ఫొటోల కన్నా ఇతర సర్వర్ల నుంచి తెచ్చి దాచుకున్నవే. వారం దాటినవి వాటంతటవే తొలగిపోయేలా పెట్టు. ఎంతమందిని మోయగలదన్నదానికి నా జవాబు: నీ మోడరేటర్లు ఎంతమంది కష్టసుఖాలు చూసుకోగలరో అంతమందిని. ఆ సంఖ్య దాటుతోందనిపిస్తే నమోదు ఆపి, పక్క సర్వర్ల పేర్లు ఆ పేజీలోనే రాసిపెట్టు.

ఖర్చు లెక్క నెలనెలా అందరికీ కనిపించేలా పెట్టు. విరాళం అడగడానికి మొహమాటపడకు.

మాస్టడాన్ అధికారిక జాబితాలో చేరాలంటే సర్వర్ ఒడంబడిక ఒకటి ఉంది. రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసర వేళ సర్వర్‌లోకి వెళ్ళగలిగే మనిషి నువ్వు కాక ఇంకొకరు ఉండాలి, మూసేయవలసి వస్తే కనీసం 3 నెలల ముందు చెప్పాలి. జాబితాలో చేరినా చేరకపోయినా ఈ మూడూ పాటించు. బ్యాకప్ తీయడంతో సరిపెట్టకుండా ఒకసారి వేరే యంత్రం మీద పునరుద్ధరించి చూడు. ఆ రెండో మనిషి ఎవరన్నది నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ ఆదివారంలోగా ఎవరో నిర్ణయించి, తాళాలు వాళ్ళ చేతికిచ్చి, నువ్వు పక్కన కూర్చుని వాళ్ళ చేత ఒకసారి లాగిన్ చేయించు. అయ్యాక నాకు కబురు చేయి.

ఇట్లు,
బాబాయ్